హల్లెలూయ పెట్టిన చోట

19 జూన్ 2025, గురువారం

ఖమ్మంల డాక్టర్ ముక్కులోంచి కెమెరా దింపి నా గొంతు నాకే చూపించిండు. రెండు తెల్లటి తీగలు, వాటి మీద చెరో పొక్కు. ఏం పని చేస్తరు అని అడిగిండు. మోటార్ వైండింగ్ అన్న. మోటార్లతోటి గింతగనం అరుస్తరా అన్నడు. మా ఇంటామె పుష్పలత అందుకొని, దేవునికి చెవుడనుకొని ముప్పై ఏండ్ల సంది మైకుల అరుస్తున్నడు సార్ అని చెప్పింది. డాక్టర్ నవ్విండు. నేను నవ్వలే.

ఆరు వారాలు వాయిస్ రెస్ట్. ఒక్క మాట బయటికి రావొద్దు. గుసగుస అస్సలే వద్దట, అరుపు కంటే అదే చెడ్డదట. తగ్గకపోతే ఆపరేషన్.

బస్టాండు దగ్గర ఒక పలక, బలపాల డబ్బా, ఈ డైరీ కొన్నం. పలక లోకానికి, డైరీ నాకు. లూకా ఒకటో అధ్యాయంల జెకర్యా కూడా పలకే అడిగిండు. దూత చెప్పిన మాట నమ్మనందుకు మూగవాడైనోడు. నేనేం నమ్మలేదని నాకీ శిక్ష?

బస్సుల నిద్ర పట్టలే. కూర్చున్నా అలసటే, పడుకున్నా అలసటే. యాభై నాలుగేండ్లకే ఎముకల్లకెల్లి గాలి తీసినట్టున్నది.

20 జూన్

ఒక్క మాట లేదు. కుక్కను కూడా పలక చూపిచ్చి అదిలించిన.

22 జూన్, ఆదివారం

ఆరాధన నా బదులు నాగరాజు నడిపిచ్చిండు. ట్రాక్టర్ తోలే మనిషి. మైకు ముందట కూడా గేరు మార్చినట్టు ఆగి ఆగి మాట్లాడ్తడు. జనం ఆవులించిన్రు. నేను వెనక కుర్చీల పలక ఒళ్లో పెట్టుకొని కూర్చున్న. మా రేకుల షెడ్డును వెనక నుంచి చూసుడు ఇదే మొదలు. ఇక్కడికి మాటలు సరిగ్గ వినబడవు. ప్రతిధ్వనే వినబడ్తది. ఇన్నేండ్లు వెనక వరుసోళ్లు ఏం విన్నరో.

చివర నా పాట పాడిన్రు. "ఇంకొంచెం దూరమే, ఆ దరి కనబడే, హల్లెలూయ."

దాని సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. డైరీకి తెలియదు గనక రాస్తున్న. 1994 జులై. చర్ల రోడ్డు మీద అప్పట్ల కేథలిక్ సిస్టర్ల దవాఖానా ఉండేది. మెదడుకెక్కిన మలేరియాతోటి అక్కడ తొమ్మిది రోజులు తెలివి లేకుండ పడున్న. తొమ్మిదో రోజు తెల్లబట్టల దేవదూత నా తలాపున నిలబడి ఒక రాగం పాడింది. ఆ రాగం పట్టుకొని లేచిన. లేచి దానికి తెలుగు మాటలు కట్టిన. ఇదే నా సాక్ష్యం. మా సంఘం పుట్టిందే దాని మీద. ఏటా జులై మూడో ఆదివారం ఆ సాక్ష్యం చెప్తం, మాకదే పండుగ. ఈసారి ఇరవయ్యో తారీఖు.

నాగరాజు ఆ సాక్ష్యం విన్ననాడే తాగుడు మానిండు. నిన్ను లేపిన దూత నన్ను లేపదా అని నా కాళ్ల మీద పడి ఏడ్చిండు. పద్నాలుగేండ్లాయె. ఇప్పటికీ బెల్టు షాపు ముందట నుంచి పోవాల్సి వస్తే ఆ పాటను పండ్ల మధ్య కరిచిపట్టుకొని పోతడట. అతని భార్య చెప్పింది.

పాట నా చేతుల్లోంచి ఎన్నడో పోయింది. అడవి లోపలి ఊర్లకు రోడ్డు లేదు. రోగమొస్తే మంచాన్ని బొంగుకు కట్టి, భుజాల మీద రోడ్డు దాకా మోసుకొస్తరు. ఆ మోతకు కూడా ఈ పాటే. నేను నేర్పలే. వాళ్లే పెట్టుకున్నరు.

26 జూన్

వానలో ఒక కారు మా వైండింగ్ షాపు ముందు ఆగింది. దిగినాయన పేరు ఉదయ్ భాస్కర్. ముప్పై అయిదేండ్లుంటయి. పాల్వంచ కాలనీల పెరిగిండట, నాయన ప్లాంటుల ఇంజినీరు. ఇప్పుడు బెంగళూరుల సాక్సోఫోన్ వాయిస్తడు. మా సంఘంల భీమక్క చాన ఏండ్ల కింద వాళ్ల క్వార్టర్‌ల పని చేసింది, ఈయన్ని చంకనేసుకొని తిప్పింది. ఆమె కోసం వచ్చిండు.

ఏం వాయిస్తరని పలక మీద రాసిన. జాజ్ అండీ అన్నడు. అదేందని రాసిన. తెలిసిన పాటని తప్పిపోయేదాకా తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి తీసుకురావడమండీ అన్నడు. తప్పిపోవుడెందుకని రాసిన. నవ్విండు. బైబిల్ల తప్పిపోయిన నూరో గొర్రె సంగతి రాద్దామనుకున్న, పలక మీద జాగ లేదు.

పుష్పలత ఆయన సాక్సోఫోన్ పెట్టుకునే నల్లపెట్టెను చూసి, బాబూ, గిండ్ల ఫిరంగి గిట్ల తెచ్చినవా ఏంది అని అడిగింది.

27 జూన్

భీమక్క ఆటోల వచ్చింది. ఆయన్ని చూసి మొదలు గుర్తుపట్టలే. తర్వాత రెండు బుగ్గలు పట్టుకొని, ఏందిర ఉదయ్ బాబూ గిట్ల బక్కగైనవ్, ఆ బూర ఊది ఊది పాణం అండ్లకే పోయినట్టుంది అన్నది. ఆయన చిన్న పిలగాని లెక్క నవ్విండు. నన్ను నిద్రపుచ్చేదానివి కదా, ఆ పాట పాడు భీమక్కా అన్నడు.

ఆమె నా పాట పాడింది.

కండ్లు మూసుకొని విన్నడు. తర్వాత ఫోన్ తీసి, ఇప్పుడు మీరందరూ ఇది వినండి అన్నడు. ఒక ముసలామె గొంతు, పండ్లు లేని గొంతు. అర్థం కాని భాష. రెండేండ్ల కింద స్పెయిన్‌ల వాయించడానికి పోయిండట. డ్రమ్ముల దోస్తు ఇంట్ల అన్నం తింటుంటే దోస్తు నాయనమ్మ వంటింట్ల ఏదో పాడుకుంట వచ్చిందట. ఈయన చేతుల ముద్ద చేతులనే ఉండిపోయిందట.

అదే రాగం. చెవిటోడు కూడా గుర్తుపడ్తడు.

అక్కడి కొండల్ల పాత జానపదమట. కంచరగాడిదను తోలేవాళ్లు పాడేది. పొద్దు గూకంగ, అలిసిపోయిన గాడిదతోటి ఆ మనిషి చెప్తుంటడట: ఇదే ఆఖరి మలుపు ముసలిదానా, ఇది దాటితే ఇల్లే, గడ్డి మెత్తగున్నది. ఆ మలుపు దాటినంక ఇంకో మలుపు. మళ్ల అదే మాట. పాట మొత్తం గా అబద్ధమేనట. ప్రతి చరణం చివర "ఆర్రె" అని అదిలింపు. మనం ఎడ్లను ఛల్ అన్నట్టు.

నేను హల్లెలూయ పెట్టిన చోట ఆ ముసలామె గాడిదను అదిలిస్తున్నది.

తర్వాత ఆయన దాన్ని జాజ్ చేసింది వాయించి చూపిచ్చిండు. మొదట్ల రాగమే లేదు, ఉత్త గాలి. ఏదో జంతువు ముక్కులోంచి ఊపిరిడిసినట్టు. మధ్యలో రాగం ఇంత ముక్క కనబడి మాయమైతది. ఇంకొంచెం దొరుకుతదని చూస్తే కిందికి జారిపోతది. నాకు రక్తం మరిగింది. పలక మీద "బిలాము గాడిద దేవుని మాట పలికింది, నీది ఓండ్ర పెడుతున్నది" అని రాసిన. చదివి, మంచిగా చెప్పారండీ అన్నడు. వెక్కిరింత కాదు. నిజంగనే సంతోషపడ్డడు. గట్లాంటోని మీద కోపమెట్ల పడాలె?

ఆయన ఈ పాటను రికార్డు తెస్తున్నడు. ఎక్కడిది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, అన్నీ రాయాలట. భీమక్కేమో ఇది అయ్యగారి పాట అన్నది. అప్పుడు నా దిక్కు తిరిగి అడిగిండు: ఈ ప్రాంతంలో స్పెయిన్ వాళ్లు ఎవరైనా ఉండేవారా పాస్టర్ గారూ?

తెలియదు అని రాసిన.

పుష్పలత చాయ్ గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది.

28 జూన్, పొద్దున 5 గంటలు

కోడి కూసింది. కోడి కూయకముందే ప్రభువును ఎరుగనన్న పేతురు యాదికొచ్చిండు. పలక తుడిచిన.

30 జూన్

ఇది ఎవరికీ చెప్పలే.

తొమ్మిదో రోజు నేను చూసింది అబద్ధం కాదు. తెల్లబట్ట, రాగం, నుదుటి మీద చల్లటి చెయ్యి. అది దేవదూత అనే నమ్మిన. అంతవరకు పాపం లేదు.

పదకొండో రోజు లేచి గోడ పట్టుకొని నడుస్తున్న. మందుల గది తలుపు తెరిచున్నది. లోపల సిస్టర్ ఇనెస్. జనం ఈనేసమ్మ అనేటోళ్లు. స్పెయిన్ నుంచి వచ్చిన పెద్దామె. తెల్ల చీర కట్టుకొని, స్టూలు మీద కూర్చొని మలేరియా గోలీలు పొట్లాలు కడుతున్నది. కట్టుకుంట గదే రాగం పాడుతున్నది. నన్ను చూసి, పో, పండుకో అన్నట్టు చెయ్యి ఊపింది.

గోడ పట్టుకొని నిలబడ్డ. 

అప్పటికే పక్క మంచపాయనకు దూత సంగతి చెప్పేసిన. ఆయన వాళ్లింటోళ్లకు చెప్పిండు. ముందురోజు సాయంత్రం నలుగురు నా మంచం చుట్టు మోకాళ్ల మీద కూర్చొని ప్రార్థన చేసిన్రు. నాకు ఇరవై మూడేండ్లు. మోటార్ కాయిళ్లు చుట్టే కూలోణ్ని. అంతకుముందు నా మాట నిలబడి విన్న మనిషి లేడు. ఆ నలుగురి మొఖాలు చూసిన. మందుల గది తలుపు చూసిన. తిరిగి పోయి మంచం మీద పండుకున్న.

ఇంకోటి. ఆ రాగం కుంటుతున్నట్టు ఉండేది. నేను సాపు చేసిన. చప్పట్లకు కుదరాలని చేసిన అని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. కాదు. దవాఖానాల వాళ్లు గుర్తుపట్టొద్దని చేసిన.

2004ల ఆ దవాఖానా మూతబడ్డది. సిస్టర్ వాళ్ల దేశం పోయింది. ఆమె బస్సెక్కిన రోజు సాయంత్రం నేను మైకు పెట్టుకొని, విగ్రహాలకు మొక్కేటోళ్ల గురించి గంటసేపు దంచిన. అప్పుడు నా గొంతు ఎంత మంచిగుండెనో.

పుష్పలత అప్పుడు ఆ దవాఖానాలనే ఆయా. అక్కడనే ఆమెను చూసిన, చేసుకున్న. ఆమెకు తెలుసా తెల్వదా అని ముప్పై ఏండ్లు ఆమె మొఖంల వెతికిన. అడగలే.

జెకర్యా వచ్చిన దూతను నమ్మలే. నేను రాని దూతను నమ్మిచ్చిన. ఇద్దరికీ ఒక్కటే శిక్ష.

3 జులై

ఉదయ్ భాస్కర్ ఆడోళ్ల పాట రికార్డు చేస్తనంటే భీమక్క ఊరికి పోయినం. వాగు దాటి మూడు కిలోమీటర్లు బురదల. నాకు రెండుసార్లు ఆయాసమొచ్చి కూలబడ్డ.

ఆడోళ్లను వరుసగ నిలబెట్టి మైకు చూపిచ్చిండు. ఒక్కలు నోరు తెరవలే. భీమక్క అన్నది గదా, ఊకె నిలబడితే పాటెట్లొస్తది బాబూ, భుజం మీద బరువుండాలె. బరువెక్కడ తేవాలని ఆయన అడిగిండు. అందరు ఆయన దిక్కే చూసిన్రు.

ఆయన్నే మంచం మీద పండబెట్టిన్రు. సాక్సోఫోన్ ఛాతీ మీద కావలించుకొని, మైకు చేతుల పట్టుకొని, శవం లెక్క. నలుగురు ఆడోళ్లు లేపిన్రు. ఒకామె, అబ్బ, బక్కోడనుకున్నం గాని ఎముకలన్నీ ఇనుపయే పెట్టుకున్నడు అన్నది. నవ్వులు. నడక మొదలైంది, పాట మొదలైంది.

ఇరవై అడుగులు పోంగనే ఆపండి ఆపండి అని మంచం మీదికెల్లి లేచి కూర్చున్నడు. పడ్తడని మొత్తుకున్నరు. ఆయన కండ్లల్ల నీళ్లు. నాతోటి గబగబా చెప్పిండు. స్పెయిన్ పాటలో కుంటి నడక ఉంటుందట. మూడు, రెండు. మూడు, రెండు. డెక్క నొచ్చిన గాడిద నడక. మొన్న ఆదివారం చర్చిలో పాడినప్పుడు అది లేదు, సాఫీగా ఉంది. కానీ వీళ్లు బరువు మోస్తూ పాడితే కుంటు మళ్లీ వచ్చింది, అదెలా పాస్టర్ గారూ? నేను ఎన్ని నెలలు వెతికానో ఆ నడక కోసం, డ్రమ్ములతో ఎన్ని రకాలుగా చేసి చూశానో, వీళ్ల కాళ్లలో ఉంది!

నేను తీసేసిన కుంటును ఆడోళ్లు మంచం కింద నడుచుకుంట మళ్ల తెచ్చుకున్నరు. ఎవరూ చెప్పకుండనే.

పలక తీసిన. "నాకు తెలియదు" అని రాయడానికి చెయ్యి రాలే. ఉత్త పలక పట్టుకొని నిలబడ్డ.

5 జులై

నాగరాజుకు సంగతి చేరింది. షాపుకు వచ్చిండు. అయ్యగారూ, ఆ బూరాయన మన దూత పాటను గాడిద పాట అంటున్నడట, నిజమేనా, నువ్వు ఊ అను, కారు టైర్లల్ల గాలి తీస్త అన్నడు. ఉదయ్ భాస్కర్ అక్కడనే ఉన్నడు. భయపడలే. కూర్చోండి అని ఫోన్ల ముసలామె పాట వినిపిచ్చిండు, మలుపుల సంగతి, ఆర్రె సంగతి మొత్తం అర్థం చెప్పిండు. నాగరాజు తల వంచి విన్నడు. వాళ్లే మన దగ్గరికెల్లి ఎత్తుకపోయిన్రు కావొచ్చు అన్నడు. తర్వాత నా దిక్కు చూసి, చెప్పు అయ్యగారూ, రాయి పలక మీద, దూత పాడిందని రాయి అన్నడు.

బలపం పట్టుకున్న. విరిగింది. కావాలని విరగ్గొట్టిన.

ఉదయ్ భాస్కర్ రేపు పోతున్నడు. ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు మెసేజ్ పెట్టండి అన్నడు. గుర్తొస్తే అన్నడు. తెలిసే అన్నడు.

9 జులై

పుష్పలతకు అంతా రాసి చూపిచ్చిన. పలక ఏడుసార్లు తుడవాల్సి వచ్చింది. ఆమె కూరగాయలు తరుక్కుంటనే చదివింది.

తెలుసు అన్నది.

సిస్టర్ ఒక్క నీకే పాడిందనుకుంటున్నవా, ఏ మంచమాయన చేజారుతుంటే ఆయన తలాపున నిలబడి పాడేది, నేను గా పాట ఇనుకుంట నేల తుడిచినదాన్ని అన్నది. మరి ఎందుకు చెప్పలేదని రాసిన. నువ్వు దూత అన్నప్పుడల్లా నేను ఆమెనే అనుకొని విన్న, నాకు అబద్ధమనిపించలే అన్నది. కత్తి పక్కన పెట్టి, గాని ఆమె బస్సెక్కిన నాడు నువ్వు మైకుల అన్న మాటలకు మాత్రం నీకు అన్నం పెట్టబుద్ధి కాలే అన్నది.

ఆనాటి కూరల ఉప్పు లేదు. నాకు యాదికున్నది. మర్చిపోయిందనుకున్న.

10 జులై

నాగరాజుకు చెప్తే మళ్ల తాగుతడు. చెప్పకపోతే నేను ఇంకో మలుపు, ఇంకో మలుపు అనుకుంటనే చావాలె. ఇదొక్కటే ఇప్పుడు నా ముందున్నది. మిగతా అంతా వట్టిదే.

16 జులై

సాక్ష్యం రాసిన. ఆరు వాక్యాలు. ముప్పై ఒక్క ఏండ్లు గంటన్నర చెప్పిన సాక్ష్యం ఆరు వాక్యాలకొచ్చింది.

చదివేదెవరు? ప్రతివారం నాగరాజే చదువుతడు. అతని నోటితోటి చదివిచ్చుడు కంటే కత్తితోటి పొడుసుడు నయం. పుష్పలతను అడిగిన. ఆమె నా దిక్కు అదోలా చూసి, సంఘంల ఆడోళ్లు నోరు మెదపొద్దని పౌలు చెప్పిండని నువ్వే గదా ఇన్నేండ్లు చెప్పినవ్ అన్నది. కొరింథీ మొదటి పత్రిక పద్నాలుగు, వచనం కూడా చెప్పింది. మూగోడు ఇంకోళ్లను మూగగుండమని ఏం చెప్తడు?

సరే తే అని కాగితం గుంజుకున్నది.

20 జులై, ఆదివారం

జనం కిక్కిరిసిన్రు. వాన రేకుల మీద. పుష్పలత లేచి మైకు దగ్గరికి పోంగనే గుసగుసలు. మైకు ఆమె ఎత్తుకు దించేదానికి నాగరాజే లేచి సాయం చేసిండు.

చదివింది. "1994ల నా తలాపున పాడింది దేవదూత కాదు. దవాఖానా సిస్టర్ ఇనెస్. అది వాళ్ల దేశంల గాడిదలు తోలేవాళ్ల పాట. ఆ సంగతి నాకు పదకొండో రోజు నుంచే తెలుసు. తెలిసీ మీకు ముప్పై ఒక్క ఏండ్లు దాచిన. చచ్చేటోణ్ని లేచింది మాత్రం నిజం."

వాన చప్పుడు. వెనక నుంచి ఎవరో, అయితే ఇగ గా పాట పాడాల్నా వద్దా అని అడిగిన్రు. భీమక్క లేచింది. మా ఆయన్ని ఆ పాట మీదనే రోడ్డు దాకా మోసినం, రోడ్డు దాకా పాణమున్నది, గాడిద పాటయితేంది, దూత పాటయితేంది, మోసింది మా భుజాలు అన్నది. కొందరు తలలూపిన్రు. కొందరు సంచులు సదురుకొని లేచిన్రు.

నాగరాజు నా దగ్గరికి వచ్చి నిలబడ్డడు. తిడ్తడనుకున్న. పద్నాలుగేండ్లు అయ్యగారూ అన్నడు. గంతే. వానలోకి పోయిండు.

ప్రతి ఆదివారం మైకుసెట్టు లోపల పెట్టేది అతనే. ఇయ్యాల నేను పెట్టిన.

23 జులై

నాగరాజు బెల్టు షాపు దగ్గర కూర్చున్నడట. తాగుతున్నడా అని పుష్పలత అడిగిచ్చింది. ఉత్తగ కూర్చున్నడట.

24 జులై

తాగిండట.

25 జులై

గోదావరి పెరుగుతున్నది. వాక్యం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టున్నయి. చిన్నవాళ్లను తొట్రిల్లజేసేటోని మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంల వేసుడు మేలని ప్రభువు చెప్పిండు. నేను గా మాట మీద ఎన్ని ప్రసంగాలు చేసిననో. రాయి ఎవరి మెడకని ఒక్కనాడు ఆలోచించలే.

27 జులై, ఆదివారం

పొద్దున ఏడింటికి ఫోన్. భీమక్కకు నాలుగు రోజుల సంది జ్వరం, ఇప్పుడు సోయి తప్పుతున్నది. అంబులెన్సు రోడ్డు దాకనే వస్తది. వాగు తొడల్లోతు పారుతున్నది. మోసేటందుకు ముగ్గురే దొరికిన్రు.

ఆరాధన పుష్పలతకు అప్పజెప్పి పోయిన. వానకు పలక ఇంట్లనే పెట్టిన.

వాగు ఇవతల నాగరాజు ట్రాక్టర్ దిగబడి ఉన్నది. అతను అప్పటికే అవతల ఊరికి చేరి మంచానికి బొంగు కడుతున్నడు. గడ్డం పెరిగింది. దగ్గరికి పోయిన. వాసన పట్టిన. నేను వాసన పట్టుడు అతను చూసిండు. అవ్, తాగిన, మూడు రోజులు తాగిన, రాసుకో పలక మీద అన్నడు. పలక లేదని చేతులు చూపిచ్చిన. అయితే అటు కొస పట్టుకో, మీ దూత గిట్ల వస్తదా ఏంది అన్నడు.

పట్టుకున్న. అతను ముందట, నేను వెనక. ఇంకా ముగ్గురు మార్చుకుంట. భీమక్క మంచంల ప్లాస్టిక్ కవర్ కింద ముడుసుకొని ఇంత చిన్నగయింది. ఎవరూ పాట ఎత్తలే. పాట లేకుంటే కాళ్లు కలవవని అప్పుడు తెలిసింది. ఒకని అడుగు ఇంకొకని మీద. మంచం ఊగుతున్నది. వాగు దాటి గడ్డ ఎక్కేకాడ నా కాలు మోకాలి దాకా దిగింది. రాలే. ఇగ నా తోటి కాదు, దించండి అని చెప్పాలె. గొంతు లేదు.

కవర్ కిందికెల్లి భీమక్క మూలుగు. మూలుగు కాదు, రాగం. జ్వరంల తెలివి లేకుండనే. కుంటుకుంట. మూడు, రెండు. మూడు, రెండు.

చరణం అయిపోయిన చోట, నేను హల్లెలూయ పెట్టిన చోట, నాగరాజు వెనకకు తిరక్కుండనే ఆర్రె! అని ఒక్క కేక పెట్టిండు. మిగతావాళ్లు ఉలిక్కిపడ్డరు. ఒకడు నవ్విండు. నా కాలు బురదలకెల్లి వచ్చింది.

రోడ్డు దాకా గట్లనే. ఆమె మూలుగుడు, అతను అదిలించుడు.

అంబులెన్సు పోయినంక ఇద్దరం కల్వర్టు మీద కూర్చున్నం. నాగరాజు అంగీ విప్పి పిండుకుంట, నా మొఖం చూడకుండ అన్నడు: ఆ గాడిదకు తెల్వదా అయ్యగారూ ఎన్ని మలుపులున్నయో? రోజూ నడిచే తొవ్వే గదా.

మళ్ల తాగుతవా అని అడగాలనుకున్న. పలక లేదు. ఉన్నా అడగకపోదును.

29 జులై

భీమక్కకు జ్వరం దిగింది. భద్రాచలం దవాఖానాల నర్సుతోటి కూరల ఉప్పు తక్కువైందని కొట్లాడుతున్నదట.

ఉదయ్ భాస్కర్‌కు మెసేజ్ పెట్టిన. "సిస్టర్ ఇనెస్, సిస్టర్ల దవాఖానా, చర్ల రోడ్డు, 1994. ఆమె నుంచి నేను దొంగిలించిన. కుంటు తీసేసిన. భీమక్క, ఆ ఊరి ఆడోళ్లు తిరిగి పెట్టిన్రు." గంటకు పాట పంపిండు. షాపుల ఒక్కన్నే కూర్చొని విన్న. మొదట గాలి. దాని వెనక బురదల అడుగులు, ఆడోళ్ల నవ్వు, ఇనుప ఎముకల మాట కూడా ఉంచిండు. తర్వాత బూర వచ్చింది. రాగం తప్పిపోయింది. ఈసారి నేను ఎదురు చూసిన. చాన దూరం పోయి వచ్చింది, అలిసిపోయి. వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు ఆగింది. లోపలికి రాలే.

పుష్పలత విని, గాడిద నీ తీరే ఉన్నది అన్నది.

31 జులై

ఖమ్మం. మళ్ల కెమెరా. ఒక పొక్కు కరిగింది, ఒకటి సగమున్నది. ఆపరేషన్ వద్దట. మెల్లగ మాట్లాడొచ్చు, రోజుకు పది నిమిషాలు. మైకు, అరుపు జన్మల వద్దు. ఇప్పుడేదన్నా మాట్లాడి చూడండి అన్నడు డాక్టర్. ఆదివారం దాకా ఆగుత అని సైగ చేసిన.

3 ఆగస్టు, ఆదివారం

సగం కుర్చీలు ఖాళీ. ముందు వరుసల నాగరాజు, గడ్డం తీసుకొని. భీమక్క తలకు గుడ్డ చుట్టుకొని. పాట అయింది, కుంటుకుంటనే. అందరు నా దిక్కు చూసిన్రు.

లేచిన. మైకు పక్కకు జరిపిన. "ఆర్రె" అన్న.

కూర్చున్న.